గడప దాకా వచ్చే మనిషి: సిరుగుప్ప సరిహద్దులో వృద్ధుల పరామర్శ

బళ్ళారి సరిహద్దు చరిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చేవి 1953 నాటి పంపకాలు, మిశ్రా నివేదిక, తుంగభద్ర నీళ్ళు. వీటిని గురించి తెలుగులోనూ కన్నడంలోనూ చాలా వ్రాశారు. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది అంతకంటె చిన్న విషయం. పిల్లలు దూరాన ఉండగా తమ ఇంట్లో తాము వండుకొని తింటూ బ్రతికే ముసలివాళ్ళ గడపకు క్రమం తప్పకుండా వచ్చి, వాళ్ళు ఎలా ఉన్నారో చూసి వెళ్ళే మనిషి ఎవరు? బంధువులను, ఇరుగుపొరుగులను పక్కన పెట్టి, ప్రభుత్వం తరఫునగాని ఊరి తరఫునగాని అలా వచ్చినవారెవరు? ఎప్పుడు వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఎప్పుడు రావడం మానుకున్నారు? సిరుగుప్ప తాలూకా చుట్టూ గడచిన రెండు శతాబ్దాలను ఈ ప్రశ్నతో చదవడం మా ఉద్దేశం.

మా పరిశీలనలో తేలిన సంగతి ముందే చెప్పడం మంచిది. ఈ ప్రాంతంలో ముసలివాళ్ళను చూడడానికే ప్రత్యేకంగా ఒక మనిషిని పంపిన కాలం దాదాపు లేదు. వచ్చినవాడు ఎప్పుడూ మరో పని మీద వచ్చాడు. ఒకప్పుడు శిస్తు, ఒకప్పుడు కరువు పట్టీ, ఒకప్పుడు మనియార్డరు, ఇటీవల పింఛను. పలకరింపు ఆ పనికి కొసరుగా దొరికింది. కనుక అసలు పని వేరే దారిలో పోయినప్పుడల్లా కొసరు కూడా పోయింది. అది పోయిన సంగతి ఏ కాగితం మీదా నమోదు కాలేదు. ఈనాడు డబ్బు తంతి మీద పోతోంది. ఈ పాత చరిత్ర మనకు అక్కరకు వచ్చేది అందుకే.

ప్రాంతం

సిరుగుప్ప తుంగభద్ర ఒడ్డు ఊరు. తాలూకాలో వేదవతి కూడా పారుతుంది, దానినే హగరి అంటారు. ఊరి పేరును సిరి, కుప్ప అని విడదీసి చెప్పుకుంటారు. ఈ రెండు మాటలూ తెలుగువారికీ కన్నడిగులకూ అర్థమయ్యేవే కావడం గమనించదగినది. విజయనగర కాలపు సిరుగుప్ప కాలువ, దేశనూరు కాలువ ఈ నేలకు వరి నేర్పాయి. అంతకు ఎంతో ముందే ఇక్కడ మనుషులు ఇళ్ళు కట్టుకొని ఉన్నారని తెక్కలకోట తవ్వకాలలో బయటపడిన నవీన శిలాయుగపు ఆవాసాలు చెబుతాయి.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. దత్త మండలాలకు 1800 నుండి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పేరు ఇక్కడి రైతువారీ పద్ధతితో ముడిపడి ఉంది. తరువాత నూరేళ్ళకు పైగా సిరుగుప్ప, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అన్నీ మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి జిల్లాకు చెందినవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. సిరుగుప్ప మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. ఆనాటి నుండి హొళగుంద, కౌతాళం ప్రాంతాలు ఒక ప్రభుత్వం కింద, వాటి పక్కనే ఉన్న సిరుగుప్ప పల్లెలు మరో ప్రభుత్వం కింద నడుస్తున్నాయి. తుంగభద్ర దిగువ కాలువ మాత్రం ఈ గీతను లెక్కచేయకుండా బళ్ళారి జిల్లా పొలాలనూ కర్నూలు జిల్లా పొలాలనూ తడుపుతూ పోతుంది.

ఆనకట్ట వచ్చిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వచ్చి మెట్ట భూములు కొని మాగాణి చేశారు. వారు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులు అంటారు. కాబట్టి సిరుగుప్ప తెలుగువారు ఒక్క తీరువారు కారు. తరతరాలుగా ఇక్కడే ఉండి ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడేవారు కొందరు. రెండు మూడు తరాల కిందట కోస్తా నుండి వచ్చినవారు కొందరు. మొదటివారి ఇళ్ళలో అవ్వ, జేజి ఉంటారు. రెండోవారి ఇళ్ళలో మామ్మ, అమ్మమ్మ, తాతయ్య ఉంటారు. చదువుకున్న పిల్లలు బెంగుళూరుకో హైదరాబాదుకో సముద్రం దాటో వెళ్ళడం మాత్రం రెండు తీర్ల ఇళ్ళలోనూ కనబడుతుంది. క్యాంపులను పడుచువయసులో కట్టినవారు ఇప్పుడు కాలం చేశారు, లేదా వృద్ధులైనారు. మెట్టను మాగాణి చేసిన చేతులు కొన్ని ఇప్పుడు తలుపు గడియ తీయడానికే తడుముకుంటున్నాయి.

మాట

చరిత్రలోకి పోయే ముందు మాటను చూద్దాం. భాషాశాస్త్రం చదువుకున్నవారికి ఇది సహజమైన దారి.

ముసలివాళ్ళ ఇంటికి వెళ్ళి బాగోగులు కనుక్కోవడాన్ని తెలుగులో పలకరించడం అంటాం. ఆ మాటలో పలుకు ఉంది. రాయలసీమలో దీనినే మాట్లాడించడం అంటారు. ‘అవ్వను ఒకసారి మాట్లాడిచ్చి వస్తా’ అంటే అవ్వ చేత మాట్లాడించి వస్తానని. ఇది ప్రేరణార్థక క్రియ. బళ్ళారి కన్నడంలో మాతాడిసు అనే మాట సరిగ్గా ఇదే నిర్మాణం, ఇదే అర్థం. ఏ భాష నుండి ఏ భాషకు వచ్చిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. సరిహద్దులో రెండు భాషలూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చాయి. వెళ్ళినవాడు మాట్లాడితే చాలదు, ఇంట్లో ఉన్న మనిషి చేత మాట్లాడించాలి. అప్పుడే అది పలకరింపు.

పరామర్శ అనే మాట దీనికి భిన్నమైనది. సంస్కృతంలో దానికి తాకడం, పట్టుకోవడం, ఆలోచించడం అనే అర్థాలున్నాయి. న్యాయశాస్త్రంలో అది ఒక పారిభాషిక పదం. కన్నడంలో పరామర్శె అంటే సమీక్ష, పరిశీలన. తెలుగులో మాత్రం అది రోగినో దుఃఖంలో ఉన్నవారినో చూసి రావడంగా స్థిరపడింది. సిరుగుప్ప కార్యాలయంలో ఒకరు కన్నడంలో పరామర్శె అని వ్రాస్తే కాగితాలను పరిశీలించడం. అదే ఊళ్ళో తెలుగు ఇంట్లో పరామర్శ అంటే మనిషిని చూడడం. కాగితాన్ని చూడడం, మనిషిని చూడడం: ఈ రెండింటి నడుమ దూరమే మనం చెప్పుకోబోయే కథ.

రెడ్డి, కరణం, తలారి

కంపెనీ కాలంలోనూ, ఆ తరువాత దొరతనం కాలంలోనూ ఊరికి రెడ్డి, కరణం, వారి కింద తలారి ఉండేవారు. కన్నడంలో తళవార అంటారు. తలారి పని శిస్తు కబురు చెప్పడం, ఊరు కాపలా కాయడం, దొంగల ఆచూకీ తీయడం, పుట్టుక చావుల కబురు మోయడం. ఇల్లిల్లూ తిరిగే మనిషి కనుక ఏ గుడిసెలో పొయ్యి వెలగలేదో అతనికి తెలిసేది. అది అతని విధి కాదు. కాని విధి నిర్వహణలో తప్పకుండా కంటబడే విషయం.

ధాత కరువు దీనిని మార్చింది. 1876 నుండి 1878 దాకా మద్రాసు రాజధానిని చుట్టుముట్టిన ఆ కరువులో బళ్ళారి జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ ఇక్కడి జనం బాగా తగ్గిపోయారు. కరువు పనులకు వెళ్ళి రాళ్ళు కొట్టగలిగినవారికి కూలి దొరికింది. రాళ్ళు కొట్టలేని ముసలివాళ్ళ సంగతేమిటి? 1880 నాటి కరువు కమిషను, దాని వెనుక వచ్చిన కరువు నిబంధనలు ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పాయి. వయసు వల్లగాని, జబ్బు వల్లగాని, అంగవైకల్యం వల్లగాని పని చేయలేనివారికి వారి ఊళ్ళోనే సహాయం అందాలి. గ్రామాధికారి అటువంటివారి పట్టీ తయారుచేయాలి. పైనుండి వచ్చే తనిఖీదారు పట్టీని చేతబట్టుకొని ఊరు తిరిగి సరిచూడాలి.

మనకు తెలిసినంతలో ఈ ప్రాంతపు వృద్ధుల ఇళ్ళకు ప్రభుత్వం ఒక క్రమం ప్రకారం మనిషిని పంపాలని కాగితం మీద పెట్టిన తొలి సందర్భం ఇదే. అయితే అందులో రెండు ముఖాలు ఉన్నాయని విద్యార్థులు గమనించాలి. తనిఖీదారు ఆకలితో ఉన్న ముసలమ్మ పేరు పట్టీలో చేర్చడానికి వచ్చేవాడు. అనర్హులనుకున్నవారి పేర్లు కొట్టివేయడానికి కూడా వచ్చేవాడు. అతని చూపులో దయ, అనుమానం రెండూ కలిసే ఉండేవి. ఆ తరువాత వచ్చిన ప్రతి పథకంలోనూ ఈ రెండు ముఖాలూ కనబడతాయి. ఇక కరువు తీరగానే పట్టీ మూతపడేది, తనిఖీదారు వెళ్ళిపోయేవాడు. ఆకలి పోయినా వయసు పోదు గదా. ఆ సంగతి నిబంధనలకు పట్టలేదు.

వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు సరిహద్దుకు రెండు వైపులా వేర్వేరు కాలాల్లో రద్దయినాయి. మైసూరు రాష్ట్రంలో 1961 చట్టం ద్వారా అవి పోయాయి, ఆ చట్టం 1963లో అమలులోకి వచ్చింది. ఆంధ్ర ప్రదేశ్‌లో కరణం మునసబుల వ్యవస్థ 1984లో పోయింది. ఆ వ్యవస్థలో కులం పెత్తనం, వెట్టి, లంచం ఉన్నాయి. దాని రద్దుకు చింతించవలసిన పని లేదు. కాని రద్దు చేసినప్పుడు శిస్తు ఎవరు వసూలు చేయాలో, పహణీ ఎవరు వ్రాయాలో వివరంగా చెప్పారు. పొయ్యి వెలగని ఇంటిని ఎవరు గమనించాలో ఎవరూ చెప్పలేదు. అది ఎవరి విధుల పట్టికలోనూ అంతకు ముందు లేదు కదా.

మనియార్డరు

ఇంతలో మరో మనిషి గడప దాకా రావడం మొదలైంది. భారత తపాలా శాఖ 1880 జనవరి 1న మనియార్డరును ప్రవేశపెట్టింది. బొంబాయి మిల్లుల్లోనో రంగూను రేవులోనో పనిచేసే కొడుకు పంపిన డబ్బు పోస్ట్‌మ్యాన్ చేతి మీదుగా తల్లికి అందేది.

వృద్ధాప్య పింఛనుతో ఈ రాక నెలనెలా వచ్చే రాక అయింది. 1957లో ఉత్తర ప్రదేశ్ వృద్ధులకు పింఛను మొదలుపెట్టింది. 1960లలో ఆంధ్ర ప్రదేశ్, మైసూరు కూడా ఆ దారి పట్టాయి. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను తెచ్చింది. 2007లో కర్ణాటక 65 ఏళ్ళు నిండినవారికి నెలకు 400 రూపాయలతో సంధ్యా సురక్షా పథకం పెట్టింది. ఈ పింఛన్లలో ఎన్నో సిరుగుప్ప పల్లెలకు మనియార్డరుగానే వచ్చేవి.

మనియార్డరు పని తీరును కొంచెం నిదానంగా చూడాలి. డబ్బు ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషి చేతికే ఇవ్వాలి. కనుక ఆ మనిషి బ్రతికి ఉన్నట్టు పోస్ట్‌మ్యాన్ కళ్ళారా చూడాలి. సంతకం రానివారు వేలిముద్ర వేయాలి, ఆ ముద్రకు సాక్షి సంతకం కావాలి. సాక్షి కోసం పక్కింటివారిని పిలవాలి. అంటే నెలకొకసారి ఆ ముసలమ్మ వాకిట్లో ముగ్గురు మనుషులు కూడేవారు. పక్కింటాయన ఎంత బద్ధకస్తుడైనా ఆ రోజు వచ్చి నిలబడేవాడు. ‘ఏమవ్వా, కాలు వాచిందే’ అనో, ‘హేగిద్దీయ అజ్జి’ అనో ఒక మాట పడేది. మోసం జరగకూడదని పెట్టుకున్న నిబంధన ఇది. పలకరింపు కోసం పెట్టలేదు. అయినా ఆ నిబంధనే పలకరింపును ఇంటికి తెచ్చింది. ఇచ్చిన డబ్బులో పది ఇరవై కోసుకునేవారు కూడా ఉన్నారని ఊళ్ళలో చెప్పుకోవడం వాస్తవమే. ఆ లోపాన్ని సరిదిద్దడానికే తరువాత బ్యాంకు ఖాతాలు వచ్చాయి.

2015లో తపాలా శాఖ పాత పద్ధతి మనియార్డరుకు స్వస్తి చెప్పింది. పింఛన్లు క్రమంగా ఆధారుతో ముడిపడిన ఖాతాలకు మారాయి. డబ్బు నేరుగా, కోత లేకుండా చేరడం నిజమైన మేలు. దానిని తక్కువ చేయరాదు. కాని దిక్కు మారిందని గమనించాలి. అంతకు ముందు డబ్బు మనిషి దగ్గరకు వచ్చేది. ఇప్పుడు మనిషి డబ్బు దగ్గరకు పోవాలి. బ్యాంకుకో, వేలిముద్ర యంత్రం పట్టుకొని కూర్చున్న బ్యాంకు మిత్ర దగ్గరకో పోవాలి. జీవితమంతా నాట్లు వేసి, కోతలు కోసిన వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం వాటిని గుర్తుపట్టకపోవడం దేశమంతటా ఉన్న ఇబ్బందే. 2018లో మొదలైన తపాలా చెల్లింపుల బ్యాంకు వల్ల పోస్ట్‌మ్యాన్ యంత్రంతో మళ్ళీ ఇంటికి రాగలుగుతున్నాడు. అయితే పిలిస్తే వస్తాడు. పిలవలేని మనిషి కోసమే కదా మనం వెతుకుతున్నది!

గీతకు అవతల, ఇవతల

ఇక ఇటీవలి చరిత్రకు వద్దాం. 2019లో ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్లను నియమించారు. పల్లెల్లో దాదాపు యాభై ఇళ్ళకు ఒకరు. 2020 ఫిబ్రవరి నుండి వారు నెల మొదటి రోజున పింఛను డబ్బు ఇంటికి తెచ్చి ఇచ్చారు. హొళగుంద వైపు ముసలమ్మకు తెల్లవారేసరికి తలుపు దగ్గర మనిషి. పక్కనే సిరుగుప్ప వైపు, బహుశా ఆమె సొంత చెల్లెలికే, ఖాతాలో జమ. పెళ్ళి సంబంధాలు గీతకు అటూ ఇటూ కలిసే ఉన్న ప్రాంతం కనుక ఈ తేడా ఇళ్ళలో మాటల్లోకి వచ్చింది. 1953లో గీచిన గీత భూములను, కాలువలను, బడి భాషను విడదీసిందని మనం చదువుకున్నాం. ముసలితనంలో తలుపు తట్టేవాడెవరో కూడా ఆ గీతే నిర్ణయిస్తుందని అప్పుడు ఎవరు ఊహించారు?

2024లో ఈ వ్యవస్థకు ఒక పరీక్ష వచ్చింది. ఎన్నికల సమయంలో వాలంటీర్లు పింఛను పంచరాదని మార్చి చివరలో ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది వృద్ధులు ఎండలో సచివాలయాలకు నడిచారు. మే నెలలో ఖాతాలున్నవారికి బ్యాంకులో జమ చేసి, మంచంలో ఉన్నవారికి, దివ్యాంగులకు ఇంటికి పంపారు. ఎన్నికల తరువాత వాలంటీర్ల వ్యవస్థ కొనసాగలేదు. జూలై 1 నుండి సచివాలయ ఉద్యోగులే ఇళ్ళకు వెళ్ళి పింఛను ఇస్తున్నారు. వృద్ధాప్య పింఛను 4000 రూపాయలు అయింది. అన్ని రకాల పింఛన్లూ కలిపి రాష్ట్రంలో అరవై లక్షలకు పైగా ఇళ్ళకు ఇలా మనిషి వెళ్ళడం చిన్న సంగతి కాదు.

రాజకీయ పక్షాల వాదాలు మనకు ఇక్కడ అవసరం లేదు. చరిత్ర విద్యార్థికి ఉపయోగపడే గమనిక వేరొకటి ఉంది. 2024 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన చర్చ అంతా డబ్బు ఎలా చేరాలన్న దాని మీదే నడిచింది. ఆ రెండు నెలలు ఎవరూ రాని ఇళ్ళలో వృద్ధులు ఎలా ఉన్నారన్నది చర్చలో రెండో మాటగానే వచ్చింది. డబ్బు వేరే దారిలో చేరగలిగిన మరుక్షణం మనిషి రాక అనవసరం అయిపోతుందని ఆ మే నెల చూపించింది. నూట నలభై ఏళ్ళ క్రితం కరువు పట్టీ మూతపడ్డప్పుడు జరిగింది కూడా ఇదే.

చట్టంలో ఉన్నది

చూడడానికే వెళ్ళే మనిషి మన చట్టాలలో లేడా అంటే, ఉన్నాడు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని కింద 2009లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మాదిరి నిబంధనలలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. ప్రతి పోలీసు ఠాణా తన పరిధిలోని వయోవృద్ధుల పట్టీ ఉంచుకోవాలి. ముఖ్యంగా ఇంట్లో చిన్న వయసువారెవరూ లేకుండా ఉంటున్నవారి పేర్లు అందులో ఉండాలి. ఠాణా ప్రతినిధి, వీలైనంత వరకు ఒక సామాజిక కార్యకర్తనో స్వచ్ఛంద సేవకుడినో వెంటబెట్టుకొని, కనీసం నెలకొకసారి వారి ఇంటికి వెళ్ళి చూడాలి. సరిహద్దుకు రెండు వైపుల వారూ చదువుకోవలసిన వాక్యమిది. మన గ్రామీణ ఠాణాలలో ఉన్న సిబ్బంది ఎంతమంది, వారి మీద ఉన్న పనులెన్ని అని ఆలోచిస్తే ఈ వాక్యం కాగితం దిగి ఎంత దూరం నడవగలదో అర్థమవుతుంది. పైగా పల్లెలో పోలీసు ఒక ఇంటి ముందు ఆగితే ఊరంతా అనుకునేది వేరు!

ఈ పని ఎవరికి అవసరమో లెక్కలూ చెబుతాయి. 2017-18లో జరిగిన జాతీయ స్థాయి వృద్ధాప్య అధ్యయనం ప్రకారం అరవై దాటినవారిలో నూటికి దాదాపు ఆరుగురు పూర్తిగా ఒంటరిగా, ఇరవైమంది దాకా భార్యాభర్తలు మాత్రమే ఉంటున్నారు. ఆ జంటల్లో ఒకరు పోయిన రోజున రెండోవారు మొదటి లెక్కలో చేరుతారు.

ఇతర దేశాల్లో దీనికి ఏ దారులు వేసుకున్నారో క్లుప్తంగా చూద్దాం. జపానులో 1917లో ఒకాయామాలో, 1918లో ఒసాకాలో ఊరివారిలోనే కొందరిని ఇరుగుపొరుగు బాగోగులు చూసేవారిగా నియమించారు. 1948లో దానికి చట్టం వచ్చింది. జీతం లేని ఈ పనిలో ఈనాటికీ రెండు లక్షలకు పైగా మనుషులున్నారు. ఒంటరి వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి రావడం వారి ముఖ్యమైన పనుల్లో ఒకటి. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ పక్కనున్న రోడోవ్ర పట్టణంలో 75 ఏళ్ళు దాటినవారిని దాదాపు ఆరువందల మందిని తీసుకొని, వారిలో సగం మంది ఇళ్ళకు మూడేళ్ళ పాటు మూడు నెలలకొకసారి వెళ్ళి చూశారు. వెళ్ళిన ఇళ్ళవారిలో ఆసుపత్రి పాలయినవారూ చనిపోయినవారూ తక్కువని 1984లో ప్రకటించారు. 1990లలో ఆ దేశం ఇటువంటి సందర్శనలను పురపాలక సంఘాల విధిగా చట్టంలో పెట్టింది. తరువాతి పరిశోధనల్లో ఫలితాలు అన్ని చోట్లా ఇంత బాగా రాలేదు. ఒకసారి వెళ్ళి వస్తే లాభం తక్కువ, మళ్ళీ మళ్ళీ వెళ్ళి, చూసినదాని మీద చర్య తీసుకుంటేనే లాభం అని వాటి సారాంశం. ఫ్రాన్సు తపాలా సంస్థ 2017 నుండి రుసుము తీసుకొని పోస్ట్‌మ్యాన్ చేత వృద్ధుల పరామర్శ చేయిస్తోంది. మనకు కొసరుగా దొరికి పోయినదాన్ని అక్కడ సరుకుగా అమ్ముతున్నారన్నమాట. మన పక్కనే ఉన్న కేరళలో 1993లో కోళిక్కోడులో మొదలైన ఉపశమన వైద్య ఉద్యమం ఊరివారినే సేవకులుగా మలచుకుంది. 2008లో ప్రభుత్వ విధానమై, పంచాయతీల నర్సులు మంచంలో ఉన్నవారి ఇళ్ళకు వెళ్ళే దాకా పెరిగింది.

చరిత్ర చెప్పే నాలుగు సంగతులు

ఈ అనుభవాలను సిరుగుప్ప చరిత్ర పక్కన పెట్టి చూస్తే నాలుగు సంగతులు తేలుతాయి.

మొదటిది, రోజు తెలిసి ఉండాలి. ఒకటో తారీఖు అని తెలిస్తే ముసలివారు లేచి తలుపు తీసి ఎదురుచూస్తారు. ఎదురుచూపు కూడా ఆరోగ్యమే. రెండవది, మనిషి మారకూడదు. గత నెల చూసినవాడికే ఈ నెల కాలు వాపు ఎక్కువయిందని తెలుస్తుంది. తలారికీ పోస్ట్‌మ్యాన్‌కూ ఉన్న బలం అదే. మూడవది, చూసిన సంగతి ఎవరికి చెప్పాలో, చెప్పాక ఎవరు కదలాలో ముందే తేలి ఉండాలి. లేకపోతే పలకరింపు మర్యాదగానే మిగిలిపోతుంది.

నాలుగవది భాష. మనలాంటివారు మాట్లాడవలసింది దీనిని గురించే. క్యాంపులో మామ్మకు కన్నడం సంతకు సరిపడా వస్తుంది. కూరగాయల బేరానికి సరిపోయే భాష గుండె దడను, నిద్ర పట్టకపోవడాన్ని, పిల్లల మీద బెంగను చెప్పడానికి చాలదు. ఆదోని వైపు కన్నడం ఇంటి భాషగా ఉన్న అజ్జికి తెలుగుతో వచ్చే ఇబ్బంది కూడా అటువంటిదే. వయసు మీరాక, ముఖ్యంగా మరపు వచ్చాక, తరువాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి చిన్ననాటి భాష నిలవడం చాలామందిలో చూస్తాం. కనుక సరిహద్దు ఊళ్ళలో ఆ గడపకు పంపే ఆశా కార్యకర్తకు గాని, ఉద్యోగికి గాని రెండు భాషలూ రావడం అలంకారం కాదు, పనిముట్టు. మాట్లాడించడమే పని అయినప్పుడు ఏ భాషలో మాట్లాడించాలన్నది మొదటి ప్రశ్న అవుతుంది. సిరుగుప్ప ప్రాంతానికి ఇందులో ఒక అదృష్టం ఉంది. ఇక్కడి సామాన్యులకు రెండు భాషలూ వస్తాయి. పట్టీలు వ్రాసేవారు ఆ సంగతిని ఒక అర్హతగా గుర్తిస్తే చాలు.

వీటితో పాటు ఒక హెచ్చరిక కూడా. కరువు తనిఖీదారు రెండు ముఖాలను మరచిపోరాదు. పలకరించడానికి వచ్చినవాడే పేరు కొట్టివేసే అధికారి కూడా అయితే ముసలమ్మ నిజం చెప్పదు. కొడుకు డబ్బు పంపుతున్నాడా అని అడిగినవాడికి ఒక జవాబు, తిన్నావా అని అడిగినవాడికి మరో జవాబు. లెక్క చూసే మనిషి, మనిషిని చూసే మనిషి వేరువేరుగా ఉండడం మేలు. తలుపు తీయను, ఈ వేళ ఓపిక లేదు అని చెప్పే హక్కు కూడా ఆ ఇంటి పెద్దకు ఉండాలి. తన ఇంట్లో తాను ఉండాలని ఎంచుకున్న మనిషి గడప అది.

ఈ సంచిక చదివే విద్యార్థులలో చాలామంది తెలుగు దేశానికి బయట పుట్టి పెరిగినవారు. మీలో కొందరి తాతలు, అమ్మమ్మలు ఇటువంటి ఊళ్ళలోనే ఉన్నారు. వారానికొకసారి ఫోనులో ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నాం’ అనే జవాబు వస్తుంది. వారిని చేతనయినప్పుడు ఇంకొక ప్రశ్న అడగండి. నిన్న మీ ఇంటికి ఎవరు వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఏ భాషలో మాట్లాడారు? వాళ్ళ చిన్నతనంలో వాళ్ళ అవ్వ ఇంటికి ఎవరు వచ్చేవారు? ఆ జవాబులను వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ యాసలోనే వ్రాసి ఉంచండి. తలారి, పోస్ట్‌మ్యాన్, వాలంటీరు వచ్చి వెళ్ళిన చరిత్ర ప్రభుత్వ దస్తాల్లో శిస్తుగా, మనియార్డరుగా, పింఛనుగా మాత్రమే ఉంది. పలకరింపుగా అది ఉన్నది ఆ ముసలివాళ్ళ జ్ఞాపకంలోనే. ఆ ప్రశ్న అడిగితే చరిత్రకు కొంత సామగ్రి దొరుకుతుంది. నిన్న ఎవరూ రాలేదన్న జవాబు వస్తే, మీరు వెంటనే చేయవలసిన పని కూడా ఒకటి దొరుకుతుంది.